‘ఇనాడిక్వేట్’ అంటే ‘లేదు’ కాదు, ‘చాలదు’

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఇటీవల వచ్చిన ఒక అనువాద వార్తలో ‘ఈ పదార్థం వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారాలు లేవు’ అన్న వాక్యం చదివాను. అనుమానం కలిగి ఆ వార్తకు మూలమైన ఇంగ్లీషు ప్రకటనను వెతికి చూస్తే అక్కడ ఉన్న మాట ‘ఇనాడిక్వేట్ ఎవిడెన్స్’. ఆధారాలు లేకపోవడానికీ, ఉన్న ఆధారాలు చాలకపోవడానికీ మధ్య దూరం చిన్నది కాదు. మొదటి వాక్యం చదివిన మనిషి నిశ్చింతగా పత్రిక మడిచి పెడతాడు. రెండోది చదివినవాడు ఇంకా తేలవలసింది ఉందని గ్రహిస్తాడు. అదే వారంలో మరో పేజీలో ఇదే విశేషణానికి ‘అపర్యాప్తమైన’ అన్న మాట, ఇంకో చోట ‘లోపభూయిష్టమైన’ అన్న మాట కనిపించాయి. ఒక ఇంగ్లీషు మాటకు మూడు తెలుగు మాటలు రావడంలో తప్పు లేదు, సందర్భాన్ని బట్టి మారవలసిందే. అయితే ఈ మూడూ మూలంలోని అర్థాన్ని మూడు దిక్కులకు లాగుతున్నాయి. చాలా ఏళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తూ, ఈ మాట దగ్గర నేనూ పలుమార్లు తడబడి, దిద్దుకుని, చివరకు ఒక అభిప్రాయానికి వచ్చినవాణ్ని కాబట్టి, దాన్ని కాస్త వివరంగా మీ ముందు ఉంచుతున్నాను.

ఇనాడిక్వేట్ లాటిన్ కుదురు నుంచి వచ్చిన మాట. ఆ భాషలో ‘ఈక్వుస్’ అంటే సమమైనది, ఎత్తుపల్లాలు లేనిది. ఇంగ్లీషులోని ఈక్వల్, ఈక్వేషన్, ఈక్వేటర్ అన్నీ దాని సంతానమే. దానికి ముందు ‘అద్’ అనే ఉపసర్గ చేరి, ఒకదాన్ని మరొకదానికి సమంగా తీసుకురావడం అనే అర్థంలో ఒక క్రియ ఏర్పడింది. అందులోంచి ఆడిక్వేట్, దానికి వ్యతిరేకార్థంలో ఇనాడిక్వేట్ 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చాయి. ఆ శతాబ్దపు తత్త్వవేత్త జాన్ లాక్ మన మనసులోని భావాలను ఆడిక్వేట్, ఇనాడిక్వేట్ అని రెండుగా విడదీశాడు. ఏ వస్తువును సూచిస్తున్నామో దానికి పూర్తిగా సరితూగే భావం మొదటిది. దాన్ని కొంతమేరకే పట్టుకోగలిగిన భావం రెండోది. అంటే ఈ మాటలో మొదటినుంచీ ఒక త్రాసు ఉంది. ఒక పళ్లెంలో మన దగ్గర ఉన్నది, రెండో పళ్లెంలో కావలసినది. రెండూ సమంగా నిలవకపోతే, ఉన్నవైపు తేలిపోతే, అప్పుడు అది ఇనాడిక్వేట్.

ఇక మన మాటను చూడండి. ‘సరిపోవడం’లో ఉన్న ‘సరి’ అచ్చంగా ఇదే. సరిసమానం, సరితూగడం, సరిజోడు అన్నప్పుడు ఉన్న సరి అది. లాటిన్ వాళ్లు ‘సమం చేయడం’ అనే మూలం నుంచి ఏ అర్థానికి చేరుకున్నారో, వాళ్లతో ఏ సంబంధమూ లేకుండానే తెలుగువాళ్లు ‘సరిపోవడం’తో అదే అర్థానికి చేరుకున్నారు. ఇంత దగ్గరి జంట పదం ఇంట్లోనే ఉండగా మనం సంస్కృత నిఘంటువులు వెతుక్కుంటూ పోవడం నాకు బాధ కలిగిస్తుంది.

త్రాసు ఉన్న మాట కాబట్టి ఇనాడిక్వేట్ ఎప్పుడూ ‘దేనికి?’ అన్న ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తుంది. ఇంగ్లీషులో ఆ మాట తర్వాత ‘టు’ గానీ ‘ఫర్’ గానీ వచ్చి ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. తెలుగులో ‘కు’ ప్రత్యయం ఆ పని చేస్తుంది. పనికి చాలదు, అవసరానికి సరిపోదు. ‘ఏనుగు దాహానికి చూరునీళ్లా’ అని మన సామెత. చూరు నుంచి కారే నీళ్లలో ఏ దోషమూ లేదు, పిచ్చుకకు అవి పుష్కలం. ఏనుగును పక్కన నిలబెట్టిన తర్వాతనే అవి చాలనివయ్యాయి. వార్తలో ‘కు’తో చెప్పవలసిన భాగాన్ని వదిలేసి విశేషణాన్ని మాత్రం అనువదిస్తే, ఏనుగును తీసేసి చూరునీళ్లను నిందించినట్టే అవుతుంది.

ఈ ‘దేనికి?’ అన్న ప్రశ్న ఎంత ముఖ్యమైనదో 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ ఉదంతం కంటే స్పష్టంగా చెప్పేది నాకు తెలియదు. ఆ ఓడలో 20 లైఫ్‌బోట్లు ఉన్నాయి, వాటన్నిటిలో కలిపి 1,178 మందికి చోటుంది, ఓడలో ఉన్నది 2,200 మందికి పైగా. అయినా ఆనాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం అందులో ఏ లోపమూ లేదు. ఎందుకంటే ఆ నిబంధనలు పడవల సంఖ్యను మనుషులను బట్టి కాకుండా ఓడ టన్నేజీని బట్టి నిర్ణయించాయి; పైగా 10,000 టన్నుల దగ్గర ఆగిపోయి, అంతకు మించిన ఓడలన్నిటికీ 16 పడవలు చాలన్నాయి. టైటానిక్ 46,000 టన్నులు దాటిన ఓడ. ఆ పడవలు నిబంధనకు చాలాయి, మనుషులకు చాలలేదు. ‘టైటానిక్‌లో లైఫ్‌బోట్లు చాలలేదు’ అని ఊరుకుంటే సగం సత్యమే చెప్పినట్టు. దేనికి చాలాయో, దేనికి చాలలేదో చెప్పినప్పుడే సుమారు 1,500 ప్రాణాలు పోవడానికి దారితీసిన తప్పు ఎక్కడుందో పాఠకుడికి కనిపిస్తుంది.

ఇదే ఉదంతం ఇనాడిక్వేట్‌కూ, దాని తోడబుట్టినదిలా తిరిగే ఇన్‌సఫిషియెంట్‌కూ ఉన్న తేడానూ చూపిస్తుంది. పడవల సంఖ్య ఇన్‌సఫిషియెంట్. అది లెక్కకు సంబంధించిన విషయం, కావలసినన్ని లేవు. అయితే మొదట నీటిలోకి దింపిన పడవలో 65 మందికి చోటుంటే 30 మంది కూడా ఎక్కలేదు. అక్కడ చాలనిది పడవల లెక్క కాదు, ఆపదకు సిద్ధమైన తీరు. దాన్ని ఇంగ్లీషువాళ్లు ఇనాడిక్వేట్ అంటారు. ఇన్‌సఫిషియెంట్ ఎక్కువగా పరిమాణం వైపు చూస్తుంది. ఇనాడిక్వేట్ పరిమాణంతో పాటు నాణ్యతనూ, తగినతనాన్నీ, సామర్థ్యాన్నీ చూస్తుంది. ఖాతాలో సొమ్ము తక్కువైతే బ్యాంకు ఇన్‌సఫిషియెంట్ అంటుంది. విచారణ జరిపిన పద్ధతి బాగాలేకపోతే న్యాయమూర్తి ఇనాడిక్వేట్ అంటారు. ఈ గీత ఎక్కడా చెరగదని నేను అనను, రోజువారీ వాడుకలో రెండూ ఒకదాని చోట ఒకటి వస్తూనే ఉంటాయి. అయినా జాగ్రత్తగా రాసే ఇంగ్లీషు రచయితలు ఈ తేడాను పాటిస్తారు, కాబట్టి అనువాదకులూ గమనించాలి.

ఇంగ్లీషు న్యాయశాస్త్రమైతే ఈ తేడా మీద ఒక సిద్ధాంతాన్నే నిలబెట్టింది. ఒప్పందం చెల్లాలంటే రెండు పక్షాల మధ్య ప్రతిఫలం ఉండాలి. ఆ ప్రతిఫలం సఫిషియెంట్ అయితే చాలు, ఆడిక్వేట్ కానవసరం లేదు అన్నది ఆ సూత్రం. తెలియనివారికి ఇది పరస్పర విరుద్ధంగా అనిపిస్తుంది. ఇక్కడ సఫిషియెంట్ అంటే చట్టం దృష్టిలో ప్రతిఫలం అనిపించుకోగలగడం. ఆడిక్వేట్ అంటే ఇచ్చినదానికి విలువలో సమానంగా ఉండడం. 1842 నాటి థామస్ వర్సెస్ థామస్ కేసులో ఇంటిలో ఉండనిచ్చినందుకు ఏడాదికి ఒక్క పౌను ఇస్తాననడం చెల్లుబాటయ్యే ప్రతిఫలమేనని కోర్టు చెప్పింది. 1960లో చాపెల్ వర్సెస్ నెస్లే కేసులో మూడు చాక్లెట్ కాగితాలు కూడా, పారవేయడానికి తప్ప ఎందుకూ పనికిరాకపోయినా, ప్రతిఫలంలో భాగమేనని అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఈ సూత్రాన్ని తెలుగులో ‘ప్రతిఫలం పర్యాప్తమైతే చాలు, పర్యాప్తం కానవసరం లేదు’ అని రాస్తే నవ్వులపాలవుతాం. ‘ప్రతిఫలం అనదగినది ఉంటే చాలు, అది విలువకు సరితూగనవసరం లేదు’ అంటే చట్టం చదవనివారికి కూడా అర్థమవుతుంది. సరి అన్న మాట ఇక్కడ మళ్లీ మనల్ని ఆదుకుంది.

నేను ఉత్తరం రాయడానికి కారణమైన వాక్యం దగ్గరకు వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఏదైనా పదార్థం గురించి మనుషుల్లో లభించిన ఆధారాలను తూచేటప్పుడు నాలుగు అంచెలు వాడుతుంది. మొదటిది సఫిషియెంట్, అంటే క్యాన్సర్ కలిగిస్తుందని చెప్పడానికి చాలినంత ఆధారం ఉంది. రెండోది లిమిటెడ్, అంటే ఆధారం ఉంది గానీ అది మరో కారణం వల్ల కనిపిస్తున్నదై ఉండవచ్చునన్న సందేహం తీరలేదు. మూడోది ఇనాడిక్వేట్. నాలుగోది క్యాన్సర్ కలిగించదని సూచించే ఆధారం. మూడో అంచెకూ నాలుగో అంచెకూ మధ్య వాళ్లు గీసిన గీతను మనం తెలుగులో తుడిచేస్తున్నాం. ఇనాడిక్వేట్ అన్నప్పుడు ఆ సంస్థ చెప్పేది ఇంతే: జరిగిన అధ్యయనాల నాణ్యత గానీ, వాటి ఫలితాల మధ్య పొంతన గానీ, లెక్కల్లోని కచ్చితత్వం గానీ ఒక నిర్ణయానికి రావడానికి సరిపోవు. అసలు సమాచారమే లేని సందర్భాన్నీ ఆ అంచెలోనే చేరుస్తారు, అది నిజమే. అయినా తేల్చలేమనడమే అక్కడి తీర్పు. భయం లేదని అభయమివ్వడం కాదు.

కాఫీ విషయం తీసుకోండి. 1991లో ఈ సంస్థ కాఫీని మూత్రాశయ క్యాన్సర్‌కు కారణం కావచ్చునన్న పదార్థాల వర్గంలో చేర్చింది. 2016లో మళ్లీ పరిశీలించి, కాఫీ తాగడం క్యాన్సర్ కలిగిస్తుందనడానికి ఉన్న ఆధారం ఇనాడిక్వేట్ అని తేల్చి, వర్గీకరించడానికి వీలుకాని వర్గంలోకి మార్చింది. ఆ సందర్భంలోనే రొమ్ము, ప్రోస్టేట్ వంటి కొన్ని అవయవాల విషయంలో మాత్రం క్యాన్సర్ కలిగించదని సూచించే ఆధారం ఉందని విడిగా చెప్పింది. అంటే ఒకే నివేదికలో, ఒకే పానీయం గురించి, మూడో అంచె మాటా నాలుగో అంచె మాటా రెండూ ఉన్నాయి. రెండింటినీ ‘ఆధారాలు లేవు’ అనే ఒకే మూసలో పోస్తే, ఎన్నో అధ్యయనాలను చదివి తూచిన శాస్త్రవేత్తల శ్రమ అంతా ఒక్క క్రియాపదంలో కరిగిపోతుంది. ‘కలిగిస్తుందని తేల్చడానికి ఆధారాలు చాలవు’, ‘కలిగించదని ఆధారాలు సూచిస్తున్నాయి’ అని రెండు వాక్యాలు రాయడానికి పట్టే చోటు ఎంత? అర పంక్తి ఎక్కువ పడుతుందేమో.

నేర వార్తలకూ ఇదే వర్తిస్తుంది. సాక్ష్యాలు లేవని కేసు కొట్టేయడం వేరు, ఉన్న సాక్ష్యాలు నేర నిరూపణకు చాలవని కొట్టేయడం వేరు. ఒక మనిషి పరువుకు సంబంధించినంతవరకూ, అవతల బాధితుల మాట విలువకు సంబంధించినంతవరకూ, ఆ తేడా ఎంత బరువైనదో విలేకరులకు నేను చెప్పనక్కర్లేదు.

వైద్యంలో మరో చిక్కు ఉంది. డెఫిషియెన్సీ, ఇన్‌సఫిషియెన్సీ అనే రెండు నామవాచకాలనూ మనం ‘లోపం’ అనే ఒకే మాటతో సరిపెడుతున్నాం. విటమిన్ డి గురించి అమెరికాలోని హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాములకు తగ్గితే డెఫిషియెన్సీ అనీ, 21 నుంచి 29 వరకు ఉంటే ఇన్‌సఫిషియెన్సీ అనీ వేర్వేరు పేర్లు పెట్టారు. అదే సంస్థ 2024లో ఆ హద్దులను ఇక సమర్థించడం లేదని ప్రకటించింది, అది వేరే చర్చ. కానీ ఆ పదమూడేళ్లలో వెలువడిన ఎన్నో తెలుగు ఆరోగ్య వ్యాసాల్లో రెండూ ‘విటమిన్ డి లోపమే’. ‘లోపం’, ‘చాలనితనం’ అని విడదీసి ఉంటే, 25 ఉన్న మనిషి 8 ఉన్న మనిషితో సమానంగా బెంగపడవలసి వచ్చేది కాదు.

మా అమ్మగారికి ఒకసారి గుండె పరీక్ష చేయించినప్పుడు నివేదికలో ‘మిట్రల్ ఇన్‌సఫిషియెన్సీ’ అని వచ్చింది. పరీక్ష చేసిన చోట ఉన్న ఒకరు దాన్ని ‘మీ గుండెలో లోపం ఉందమ్మా’ అని తెలుగులో చెప్పారు. ఆవిడ అది పుట్టుకతో వచ్చిన లోపమనుకుని, తన పిల్లలకూ ఉంటుందేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత వైద్యుడు ఓపిగ్గా కూర్చోబెట్టి, కవాటం తలుపులు పూర్తిగా మూసుకోవడానికి చాలడం లేదనీ, అందువల్ల కొద్దిగా రక్తం వెనక్కి కారుతోందనీ, అది ప్రస్తుతానికి స్వల్పమేననీ చెప్పారు. ఆ ‘చాలడం లేదు’ అన్న మాటతో అమ్మ ముఖం తేటపడడం నేను కళ్లారా చూశాను. అంతకు ముందు ఆ మాటను అనువాద సమస్యగా మాత్రమే చూసేవాణ్ని.

ఆ వైద్యుడు వాడిన ‘చాలు’ అన్న క్రియ గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే తెలుగు సంపద అంతా అక్కడే ఉంది. ఈ క్రియకు రెండు అర్థాలు. ఒకటి సరిపడినంత ఉండడం: చాలదు, చాలవు, చాలినంత, చాలీచాలని. రెండోది శక్తి కలిగి ఉండడం: చేయజాలడు, చెప్పజాలను, వర్ణింపజాలము. కోర్టు వార్తల్లో ‘ఈ దశలో జోక్యం చేసుకోజాలదు’ అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాం. ఇంగ్లీషు ఇనాడిక్వేట్‌కూ సరిగ్గా ఈ రెండు ముఖాలే ఉన్నాయి: వస్తువు విషయంలో చాలనిది, మనిషి విషయంలో చేయజాలనివాడు. మనం రోజూ చెప్పే ‘చాలా’ కూడా ఈ క్రియ కడుపున పుట్టిందే. కావలసినంత అన్న అర్థం నుంచి ఎక్కువ అన్న అర్థానికి పెరిగింది. ఇంత చక్కగా అమరిన క్రియ ఉన్న భాషకు విశేషణం కరవైందని బెంగ ఎందుకు? ఇంగ్లీషు వాక్యంలో నామవాచకానికి ముందు విశేషణం ఉంది కాబట్టి తెలుగులోనూ అక్కడే విశేషణం పెట్టాలన్న పట్టుదల వల్లనే ‘అపర్యాప్తమైన సదుపాయాలు’ పుడుతున్నాయి. ‘సదుపాయాలు చాలవు’ అంటే వాక్యం తనంతట తాను నడుస్తుంది.

‘అపర్యాప్తం’ అన్న మాట మీద నాకు మరో అభ్యంతరమూ ఉంది. భగవద్గీత మొదటి అధ్యాయం పదో శ్లోకంలో దుర్యోధనుడు తన సేనను ‘అపర్యాప్తం’ అనీ, పాండవుల సేనను ‘పర్యాప్తం’ అనీ అంటాడు. వ్యాఖ్యాతలు ఈ ఒక్క మాట దగ్గర రెండుగా చీలిపోయారు. మన బలం చాలదు, వాళ్ల బలం చాలుతుంది అని దుర్యోధనుడు లోలోపల భయపడ్డాడని కొందరు. మన బలం అపరిమితం, వాళ్లది పరిమితం అని గొప్పలు పోయాడని మరికొందరు. పదకొండు అక్షౌహిణులు ఉన్నవాడు ఏడు అక్షౌహిణులను చూసి చాలదనుకుంటాడా అని ఒక పక్షం అడిగితే, సేనను నడిపే భీష్ముడి మనసు ఇరుపక్షాల మీదా ఉంది కాబట్టి ఎంత సేన ఉన్నా చాలదని రెండో పక్షం జవాబు చెబుతుంది. నాకు రెండో వాదమే రుచిస్తుంది, ఎందుకంటే అందులో లెక్కకూ సామర్థ్యానికీ ఉన్న తేడా ఉంది. సేన ఇన్‌సఫిషియెంట్ కాదు, ఇనాడిక్వేట్. ఏమైనా, ఒకేసారి ‘చాలనిది’ అనీ ‘హద్దులేనిది’ అనీ అర్థమిచ్చే మాటను, అంత పేరున్న శ్లోకంలోనే పండితులు ఏకాభిప్రాయానికి రాలేకపోయిన మాటను, ఆస్పత్రి పడకల గురించిన వార్తలో వాడడం ఏం న్యాయం? గణితంలో ‘ఆవశ్యక, పర్యాప్త నియమం’ అన్నప్పుడు ఆ మాటకు ఒక నిర్దిష్టమైన పని ఉంది. అక్కడ అది ఉండనివ్వండి.

‘లోపభూయిష్టం’ అంతకంటే పెద్ద పొరపాటు. అది తప్పులతో నిండిపోయినదని అర్థమిచ్చే మాట. ఒక ఏర్పాటు అవసరానికి చాలనిదై ఉండి కూడా, ఉన్నంతలో నిర్దుష్టంగా ఉండవచ్చు. పది మందికి చక్కగా వైద్యం చేసే కేంద్రం వంద మందికి చాలదు. దాన్ని లోపభూయిష్టమంటే అక్కడ పనిచేసేవారిని అవమానించడమే.

ఇక మనుషులకు ఈ విశేషణం తగిలించినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. అమెరికన్ మనోవైద్యుల సంఘం 1952లో, తిరిగి 1968లో ప్రచురించిన మానసిక రుగ్మతల జాబితాల్లో ‘ఇనాడిక్వేట్ పర్సనాలిటీ’ అని ఒక రోగ నిర్ధారణే ఉండేది. 1980 నాటి మూడో జాబితాలో దాన్ని తీసేశారు. జీవితం అడిగినదానికి సరితూగలేకపోవడాన్ని ఒక రోగంగా రాసిపెట్టిన రోజులవి. దేనికి సరితూగలేదు, ఆ కొలత ఎవరు పెట్టారు అన్న ప్రశ్న అడగనిదే ఈ మాటను మనిషికి అంటించకూడదని దాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లండులో పాఠశాలలను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ చాలాకాలం పాటు పాఠశాలలకు ఒక్క మాటలో తీర్పు చెప్పేది. నాలుగు తీర్పుల్లో అట్టడుగుది ఇనాడిక్వేట్. తన పాఠశాలకు ఆ తీర్పు రాబోతోందని తెలిసిన ఒక ప్రధానోపాధ్యాయురాలు 2023 జనవరిలో ప్రాణం తీసుకున్నారు. ఆ తనిఖీ ఆమె మరణానికి దోహదం చేసిందని అదే ఏడాది డిసెంబరులో మరణ విచారణాధికారి నిర్ధారించారు. 2024 సెప్టెంబరు నుంచి అక్కడి ప్రభుత్వ పాఠశాలలకు ఆ ఏకపద తీర్పులను ఆపేశారు. ఇటువంటి వార్తను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ తీర్పును ‘పనికిరాని పాఠశాల’ అని రాస్తే మూలంలో లేని క్రూరత్వాన్ని చేర్చినట్టు. ‘అపర్యాప్త’ అని రాస్తే ఉన్న బరువును తీసేసినట్టు. ‘ప్రమాణాలకు చాలని పాఠశాల’ అనడం నాకు తోచిన దారి. అక్కడ కొలత ఏదో కనిపిస్తుంది, దానితో వాదించడానికి పాఠకుడికి చోటు ఉంటుంది.

‘ఫీలింగ్ ఆఫ్ ఇనాడిక్వసీ’ అనే మాటకు ‘న్యూనతాభావం’ అని రాయడం ఆనవాయితీ అయిపోయింది. న్యూనతలో పక్కవాడితో పోలిక ఉంది, తాను తక్కువనుకోవడం ఉంది. ఇనాడిక్వసీలో పక్కవాడు ఉండనక్కర్లేదు. బిడ్డకు తాను చాలనేమోనని రాత్రి మేలుకుని కుమిలే తల్లి ఎవరితోనూ పోల్చుకోవడం లేదు. ‘నేను చాలనేమో అన్న దిగులు’ అని నాలుగు మాటల్లో రాస్తే ఆ తల్లి తనను తాను గుర్తుపడుతుంది.

కొరత, అరకొర, లోటు, వెలితి అనే మాటలు మనకున్నవి, వాటిని తీసెయ్యమని నేను అనడం లేదు. కొరత దొరకని వస్తువుకు చెల్లుతుంది, ఇంగ్లీషు స్కేర్స్‌కు దగ్గరిది. లోటు లెక్కల పుస్తకానిది. అరకొరలో కాస్త నిరసన ఉంటుంది, మీగర్ అనే మాటలో ఉన్నంత. వార్తలో అది రాసేవాడి అభిప్రాయమైపోతుంది గానీ సంపాదకీయంలో నప్పుతుంది. వెలితి నిండవలసిన పాత్ర నిండనప్పటి మాట, మనసుకూ అందంగా అమరుతుంది. అంచు దాకా వచ్చి ఆగినదానికి బొటాబొటి అన్న మాట కూడా ఉంది. ఇంగ్లీషువాళ్లు ‘బేర్లీ ఆడిక్వేట్’ అని రెండు మాటలు కూర్చుకునే చోట మనకు ఒక్కటే సరిపోతుంది. ఎవరైనా ఈ మాటలను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ ఒదుగుతుందో మీ పత్రిక కొత్త ఉపసంపాదకులకు ఒక పుటలో రాసి ఇమ్మని అడిగితే, ఆ పని నేను సంతోషంగా చేసిపెడతాను.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ‘ఇన్-అడిక్వేట్’ అని విడగొట్టి, చివర ‘క్వేట్’ అని సాగదీసి చదవడం వార్తా చానళ్లలో వింటున్నాను. ఇంగ్లీషులో బలం రెండో అక్షరం ‘నా’ మీద పడుతుంది, చివరి ‘క్వేట్’ కుదించుకుపోయి ‘క్విట్’కు దగ్గరగా వినిపిస్తుంది. తెలుగులో రాసేటప్పుడు స్థిరపడిన ‘ఇనాడిక్వేట్’ రూపాన్నే నేనూ వాడాను.

మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన ఆ వాక్యాన్ని అదే పేజీలో, అదే చోట సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ‘ఈ పదార్థం క్యాన్సర్ కలిగిస్తుందో లేదో తేల్చడానికి ఇప్పటివరకు ఉన్న ఆధారాలు చాలవు’ అని రాస్తే సరిపోతుంది.

భవదీయుడు,
ఒక అనువాదకుడు